పుట్టుక వాసన

డేన్‌లనే ఈ దేశపు జాతి ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని మా అల్లుడికి ఎందుకంత దురదో నాకిప్పటికీ అర్థం కాదు. పుట్టారు, పెరిగారు, ఎండ మొహం చూడని ఈ పాడు చలిదేశంలో సైకిళ్లు తొక్కుకుంటూ హాయిగా బతుకుతున్నారు. చాలదూ? చాలదట. మొదటి డేన్‌లు ఏ ఒడ్డున కాలు పెట్టారో, ఏం తిన్నారో, వాళ్ల ఒంటి మీద ఏ కంపు కొట్టేదో, అదంతా కావాలట. కనుక్కున్నాడు. ఆ కంపు ఇప్పుడు నా కూతురి ముక్కులో కాపురం ఉంది. ఛీ, తలుచుకుంటేనే రోత.

అలాగని నేను సుకుమారిని కాను. తెనాలిలో జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఫార్మలిన్‌లో నానిన కప్పల్ని, బొద్దింకల్ని కోసి పిల్లలకు చూపించిన చేతులివి. ఆ చేతులు కడుక్కుని అదే గదిలో డబ్బా విప్పి పెరుగన్నం తినేదాన్ని. అలాంటి నాకే రోత పుట్టిందంటే ఆ రోత ఏ పాటిదో మీరే ఊహించుకోండి.

మా అల్లుడి పేరు ఆస్గర్. ఇక్కడివాడే, పురావస్తు శాస్త్రవేత్త. నేను మా అమ్మాయి హిమజ కాన్పుకని వచ్చిన రోజే గుమ్మంలో నిలబడి "హలో వకుళా" అన్నాడు. అత్తగారిని, పేరు పెట్టి! "ఇక్కడ ప్రధానమంత్రినైనా అట్టాగే పిలుస్తారమ్మా" అని హిమజ పగలబడి నవ్వింది. తర్వాత అదే అతనికి మన వరసలూ, తెలుగూ నేర్పింది. అప్పటినుంచి 'అత్తయ్యగారూ' అంటాడు, నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నవాడిలా. మనిషి చెడ్డవాడు కాదు. ఆ దురద ఒక్కటే.

మనవరాలికి సిరి అని పేరు పెట్టారు. ఇక్కడా ఉన్న పేరే, మనకూ ఉన్న పేరే. బంగారంలాంటి పిల్లను మధ్యాహ్నం దుప్పట్లో చుట్టి, చిన్నపిల్లల బండిలో పడుకోబెట్టి, వాకిట్లో చలిగాలికి వదిలేసి, వీళ్లు లోపల కూర్చుని కాఫీ తాగుతారు. ఈ దేశంలో పసిపిల్లలందరూ అలాగే నిద్రపోతారట. మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. నేను మాత్రం నా పద్ధతి నేను వదల్లేదు. పిల్లకు ఆముదం రాసి, సున్నిపిండితో నలిచి, తలంటి, బుట్ట కింద సాంబ్రాణి పొగ వేసేదాన్ని. నా పాత మంగళగిరి చీర చింపి మెత్తటి టోపీ కుట్టాను. పాలు, ఆముదం, సాంబ్రాణి కలిసిన ఆ టోపీ వాసన చూస్తే ఎంత కోపంలో ఉన్నా మనిషి మెత్తబడాల్సిందే.

హిమజకు చిన్నప్పటినుంచీ ముక్కు పదును. అగరబత్తీల కంపెనీలో వాసనలు కలిపే ఉద్యోగం చేసింది. ఆ ముక్కే దాన్ని ఇంత దూరం తీసుకొచ్చింది.

హిమజ, ఆస్గర్ కలిసి పనిచేసే ల్యాబ్ ఊరి చివర మూతపడిన పాల డెయిరీలో ఉంది. దానికి దగ్గర్లోనే ఎండగట్టిన ఒక పాత చెరువు. ఆ చెరువులోంచి పొడుగాటి గొట్టాలతో నల్లటి బురదను పొరలు చెదరకుండా పైకి తీస్తారు. కిందిపొర పాతది, పైపొర కొత్తది. సిరికి ఐదో నెల వచ్చాక హిమజ మళ్లీ పనిలో చేరింది. ఇంకొన్నాళ్లకు నేనూ చూద్దామని పిల్లను చంకనేసుకుని వెళ్లాను.

"ఈ బురదలో గాలి ఆడదు అత్తయ్యగారూ" అన్నాడు ఆస్గర్, ఇంగ్లీషులో. "అందుకే ఏదీ పూర్తిగా కుళ్లదు. పదిహేను వందల ఏళ్ల కిందట పడిన వాసన కూడా ఉంటుంది. కాకపోతే ముక్కుకు అందనంత తక్కువ."

బురద ముక్క ఒకటి కోసి వాసనపెట్టెలో పెట్టాడు. పెట్టె ఆ ముక్కను కాల్చుతూ చదువుతుంది. చదివింది చదివినట్టు నుదుటికి కట్టిన పట్టీ ద్వారా మెదడులోకి పంపుతుంది. మామూలు వాసన కన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉంటుందట. ఏ రసాయనం ఎంతుందో కంప్యూటరు చెప్పగలదు గానీ, ఇది తడిసిన కుక్క, ఇది మాడిన గంజి అని చెప్పడానికి మనిషి కావాలి. ఆ మనిషి నా కూతురు.

హిమజ కళ్లు మూసుకుంది. "పొగ. కట్టెల పొగ కాదు, మొక్కలు కుళ్లి గట్టిపడిన మట్టిగడ్డలు కాలుస్తున్నారు. బార్లీ ఉడుకుతోంది. తడిసిన గొర్రె బొచ్చు."

ఆస్గర్ తలూపాడు. ఆ మట్టిపొగవాళ్లు చెరువు ఒడ్డున ముందునుంచీ ఉన్నవాళ్లట. హిమజ పట్టీ తీసి పక్కన పెట్టింది. గట్టిగా రెండుసార్లు ఊపిరి వదిలింది. అప్పుడు జేబులోంచి నేను కుట్టిన టోపీ తీసి ముక్కుకు ఆనించుకుంది.

"అదేందే, పిల్ల టోపీ ఇక్కడికెందుకు తెచ్చావు?" అన్నాను.

"వాసనకీ వాసనకీ మధ్య ముక్కు కడుక్కోవాలమ్మా. ఎవరికి వాళ్లు ఒక తేట వాసన పెట్టుకుంటాం. మిగతావాళ్లు మోచేతి మడత వాసన చూసుకుంటారు. నాకు ఇదే తేట." దాని మొహం వెలిగిపోయింది. "కాకపోతే పట్టీ తీశాకే చూడాలి. పట్టీ ఉండగా చూశామనుకో, రెండూ అతుక్కుపోతాయి. ఇక విడదియ్యలేం."

తర్వాతి ముక్క పెట్టారు. ఈసారి దాని ముక్కుపుటాలు అదిరాయి. "తారు. పడవలకు పూసే తారు. ఉప్పు చేప, నీచు. వీళ్లు వేరే మనుషులు. సముద్రం మీంచి వచ్చారు."

ఆస్గర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వాళ్లే! మావాళ్లే!" అన్నాడు.  డేన్‌లు ఉత్తరం నుంచి సముద్రం దాటి వచ్చి, ఇక్కడున్న వేరే జాతిని తరిమేశారని పాత లాటిన్ చరిత్రకారుడొకడు రాశాడట. కాదు, ఇక్కడివాళ్లే కొత్త పేరు పెట్టుకున్నారని ఇంకొందరి వాదన. వీటిలో ఏది నిజమో అతనికి తేలాలి. ఊరి మ్యూజియంలో 'మన మొదలు' అనే ప్రదర్శన పెట్టబోతున్నారు. జనం వచ్చి పట్టీలు పెట్టుకుని తమ పూర్వీకుల వాసన చూస్తారు.

"చేపల కంపు కొట్టేవాళ్లు వచ్చారని ఇంత సంబరమా!" అన్నాను తెలుగులో. హిమజ నవ్వింది. అది అలా నవ్వడం మళ్లీ చాలాకాలం చూడలేదు.

ఆ తారు పొరకు పైన ఎముకలున్నాయని తవ్వకంలోనే బయటపడింది. అన్నీ వయసులో ఉన్న మగవాళ్లవి, నరికిన గాట్లతో. నాలుగు తుంటి ఎముకలను మనం పూలు గుచ్చినట్టు ఒక కర్రకు గుచ్చి చెరువులో పడేశారు. ఎముకల మీద కుక్కల పళ్ల గుర్తులు. అంటే చంపి వెంటనే పాతెయ్యలేదు. ఏడాదిదాకా ఒడ్డున వదిలేసి, కండంతా పోయాక ఏరి నీళ్లలో వేశారు. చంపిన నాటి పొర చదివే రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. సిరి బయట బండిలో నిద్రపోతోంది.

పెట్టె మొదలవగానే హిమజ ఒళ్లు బిగుసుకుపోయింది.

"చెప్పు" అన్నాడు ఆస్గర్.

"కుళ్లు. పేగులు తెగి ఉన్నాయి. కుక్కలు తడిసి ఉన్నాయి, తింటున్నాయి." నుదుటి మీద చెమట పట్టింది. "పక్కనే మాంసం కాలుతోంది. గొర్రె. కొవ్వు నిప్పుల మీద పడుతోంది. బీరు. వీళ్లు... ఛీ, పక్కనే కూర్చుని విందు చేసుకుంటున్నారు ఆస్గర్! ఈ శవాల పక్కనే!"

"ఎవరు తింటున్నారు? తారు వాసన ఉందా, మట్టిపొగ వాసనా?"

హిమజ పట్టీ మీద చెయ్యి వేసింది. ఆస్గర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు తీస్తే ఈ ముక్క వృథా అయిపోతుంది హిమా. ఇలాంటిది ఇంకొకటి లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం ఓర్చుకో."

అది రెండో చేత్తో జేబులోంచి టోపీ లాగి ముక్కుకు అదుముకుంది. పట్టీ నుదుటి మీదే ఉంది.

"పట్టీ! పట్టీ తియ్యవే!" అని అరిచాను. దానికి వినపడలేదు. మునిగిపోతున్న మనిషి గాలి పీల్చినట్టు టోపీని పీలుస్తూనే ఉంది. "తారు" అంది టోపీలోంచి. "తారే. మీవాళ్లే." అని పక్కకు ఒరిగి నేలంతా వాంతి చేసుకుంది.

ఆస్గర్ తన భార్య వీపు నిమిరాడు. నిమురుతూనే కంప్యూటరు తెర మీద గీతల వంక చూశాడు. ఆ చూపు నేను చూశాను. ఆ క్షణంలో అల్లుడని కూడా చూడకుండా అసహ్యించుకున్నాను.

ఇంటికొచ్చాక సిరి లేచి ఏడ్చింది. హిమజ ఆత్రంగా వెళ్లి ఎత్తుకుంది. మొహం పిల్ల నెత్తికి ఆనించింది. ఆ మరుక్షణం పిల్లను నా మీదికి దాదాపు విసిరేసి సింకు దగ్గరికి పరిగెత్తింది.

"టోపీ కంపేమోలేవే" అన్నాను. దాని జేబులోంచి టోపీ తీసి చెత్తబుట్టలో పడేశాను. పిల్లకు మళ్లీ నీళ్లు పోశాను. సబ్బు మార్చాను. సాంబ్రాణి మానేశాను, ఆముదం మానేశాను. ఏం చేసినా అంతే. కంపు పిల్ల మీద లేదు, తల్లి తలలో ఉంది. కన్నబిడ్డ దగ్గరికొస్తే చాలు, దానికి కుళ్లిన పేగులూ కాలిన గొర్రె కొవ్వూ కొట్టేవి. పాలిద్దామని కూర్చుంటే డోకు. ముక్కుకు క్లిప్పు పెట్టుకున్నా ఆగలేదు. పాలు పిండి సీసాలో పోసి నాకిచ్చేది. పిల్ల సీసాను తోసేసి తల్లి గదివైపు చేతులు చాచి గుక్కపట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం చూశాను. సిరి బయట బండిలో నిద్రపోతోంది. హిమజ లోపల కిటికీ అద్దానికి రెండు అరచేతులూ ఆనించి నిలబడింది. అద్దం ఉంటే వాసన రాదు కదా. చలిలో నిద్రపోయే పిల్లను చూసి తిట్టుకున్నదాన్ని, ఆ రోజు ఆ బండిని ఇంకాస్త కిటికీ దగ్గరికి జరిపాను.

"నేను తల్లినేనా అమ్మా?" అంది. "నా బిడ్డను చూస్తే నాకు రోతేస్తోంది. ఈ మాట ఎవరికి చెప్పుకోను?"

దాని జుట్టు సవరించాను.

వారం తిరక్కుండానే ఆస్గర్ మందు దొరికిందన్నాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, నా కళ్లలోకి చూడకుండా చెప్పాడు. "అదే పట్టీతో అతుక్కున్న ఆ రెండు వాసనల ముడి తెంపెయ్యొచ్చు. తెంపితే కుళ్లు వాసన పోతుంది. దానితో పాటు సిరి వాసన కూడా పూర్తిగా పోతుంది. ఇక ఎప్పటికీ రాదు."

"గాజుబొమ్మను ఎత్తుకున్నట్టు ఉంటుంది, అంతేగా?" అంది హిమజ. "తెంపెయ్. గాజుబొమ్మైనా చాలు, ఎత్తుకుంటాను."

ఆస్గర్ గొంతు సవరించుకున్నాడు. "తెంపాక నీ ముక్కు ఈ పనికి పనికిరాదు. పై పొర ఒక్కటే మిగిలింది. ఎముకలు ఏరి నీళ్లలో వేసిన రోజు. అది చూడకపోతే మేమెవరమో సగమే తెలిసినట్టు. ముందు అదొక్కటీ..."

నాకు ఆగలేదు. "ఏం మనిషివయ్యా నువ్వు? నీ పెళ్లాం పిల్లకు పాలివ్వలేక గోడలు పట్టుకుని ఏడుస్తుంటే, ఎప్పుడో చచ్చిన వెధవలు ఏం చేశారో కావాలా నీకు? శవాల పక్కన గొర్రె తిన్నవాళ్ల మనవడివని తేలిపోయిందిగా, ఇంకేం తేలాలి?" తెలుగులోనే తిట్టాను. అతనికి ప్రతి ముక్కా అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"చూస్తానమ్మా" అంది హిమజ.

"నీకేమన్నా పిచ్చా?"

"ఆయన కోసం కాదు. అంత కంపు చేసుకున్నాక వాళ్లు ఇళ్లకెళ్లి ఎట్టా బతికారో, పిల్లల్ని ఎట్టా ముట్టుకున్నారో నాకూ తెలియాలి."

మర్నాడు ఉదయం డెయిరీకి వెళ్లాం. సిరిని పక్కింటావిడ దగ్గర వదిలాను. నేను హిమజ పక్కనే నిలబడి దాని చెయ్యి పట్టుకున్నాను. ఈసారి ఆస్గర్ దూరంగా, పెట్టె వెనక నిలబడ్డాడు. ఏమీ అడగలేదు.

పెట్టె మొదలైంది. హిమజ పళ్లు బిగపట్టి కూర్చుంది. మెడ మీద నరాలు ఉబ్బాయి.

"అదే కుళ్లు" అంది చివరికి. "పాతబడింది. ఎండిపోయింది. చేతుల మీద ఉంది, ఎముకలు ఏరే చేతులు. మట్టిపొగ వాసన వేస్తోంది వాళ్ల ఒళ్లు."

"మట్టిపొగా?" అన్నాడు ఆస్గర్ ఉండబట్టలేక. "తారు కాదూ?"

"కాదు. గెలిచినవాళ్లు కాదు ఏరుతున్నది. ఇక్కడి ఆడవాళ్లు. వాళ్ల మగవాళ్ల ఎముకల్ని వాళ్లే ఏరుతున్నారు." ఆగి, ఊపిరి కూడదీసుకుంది. "పాలు. చనుబాలు. ఒకామె పక్కన పసిపిల్ల ఉంది. పసినెత్తి వాసన. కానీ ఆ పిల్ల మీద... తారు."

నేను మనసులో లెక్క కట్టాను. చంపి ఏడాది. ఆ ఏడాదిలో పుట్టిన పిల్ల. తల్లి ఓడినవాళ్ల మనిషి, తండ్రి చంపినవాడు. మా అల్లుడు ఇన్నేళ్లుగా వెతుకుతున్న మొదటి డేన్ అదే. పడవ మీద వచ్చిన వీరుడు కాదు, ఎముకలేరే ఆడమనిషి చంకలోని పసిగుడ్డు. ఆస్గర్ కుర్చీలో కూలబడ్డాడు. నాకు మాత్రం అతన్ని చూసి జాలి కలగలేదు. ఆ విందు చేసుకున్నవాళ్ల మొహాన ఉమ్మాలనిపించింది.

హిమజ పట్టీ తీసేసింది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. "పిల్ల ఏడ్చినట్టుంది. ఎముకలు కింద పెట్టి ఎత్తుకుందమ్మా. చేతులు కడుక్కోలేదు. ఆ చేతులతోనే ఎత్తుకుంది. ఆ పిల్లను చూసినప్పుడల్లా ఆమెకు ఏం కంపు కొట్టి ఉంటుందే అమ్మా! అయినా పాలిచ్చింది."

ఆస్గర్ లేచి, "ముడి తెంపడానికి అంతా సిద్ధం చేశాను" అన్నాడు మెల్లగా.

"వద్దు" అంది. "నాకు గాజుబొమ్మ వద్దు. ఇంటికి పోదాం."

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంది. "అమ్మా, బకెట్ తే" అంది. బకెట్ తెచ్చి దాని పక్కన పట్టుకున్నాను. పిల్లను ఒళ్లో పెట్టాను. హిమజ మొహం పక్కకు తిప్పి, ముక్కు రెండు వేళ్లతో మూసుకుని, నోటితో గాలి పీల్చి, పిల్లను రొమ్ముకు అదుముకుంది. సిరి గబగబా తాగింది. మధ్యలో హిమజ బకెట్లోకి వంగి కక్కింది. పిల్లను మాత్రం వదల్లేదు. కొంగుతో మూతి తుడిచాను. మళ్లీ రెండో వైపు పట్టింది. ఇంత రోతగా, ఇంత మొండిగా ఎవరైనా పాలివ్వడం నేనెక్కడా చూడలేదు.

కంపు పోలేదు. రోజులు గడిచాక వాంతులు తగ్గాయి, అంతే. పిల్లను ఎత్తుకోబోయే ముందు ముక్కు మూసుకోవడం, మొహం తిప్పుకుని ఒకసారి గాలి పీల్చుకోవడం దానికి అలవాటైపోయింది.

సిరికి ఏడాది నిండాక 'మన మొదలు' మొదలైంది. ఊరంతా వచ్చింది. వెండిజుట్టు ముసలివాళ్లు, బడిపిల్లలు, మేయరు. జనం వరసలో నిలబడి పట్టీలు పెట్టుకుని కళ్లు మూసుకుంటున్నారు. పరవశించిపోతున్నారు. నేనూ ఒకటి పెట్టుకుని చూశాను. మట్టిపొగ, బార్లీ బీరు, పడవ తారు, కాలుతున్న గొర్రె మాంసం. నోరూరించే విందు వాసన. అంతే.

"మిగతాదేదయ్యా?" అన్నాను ఆస్గర్‌తో.

"మ్యూజియం కమిటీ ఒప్పుకోలేదు అత్తయ్యగారూ. చిన్నపిల్లలు వస్తారు కదా అన్నారు." అతని గొంతులో బలం లేదు. "నేను గట్టిగా అడగలేదు."

అంటే శవాల్ని తీసేసి, వాటి పక్కన చేసుకున్న విందును మాత్రం ఉంచారు! పక్కన ఒకావిడ పట్టీ తీసి "ఎంత బాగుందో, ఇంటికొచ్చినట్టుంది" అంది. నాకు మళ్లీ రోత పుట్టింది. ఈసారి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది.

సిరి నా చంకలో ఉంది. గుంపుకు అవతల, తలుపు దగ్గర హిమజ కనపడింది. పిల్ల కేరింతలు కొట్టింది. దానికి ఇంకా అమ్మా అనడం రాదు. ఒక చెయ్యి తల్లివైపు చాచింది. రెండో చేత్తో, చిట్టి వేళ్లతో, తన ముక్కు గట్టిగా మూసుకుంది.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. పూర్వీకుల వాసన పిల్లకు నచ్చలేదనుకున్నారు. అమ్మ ఎత్తుకునే ముందు చేసే పని అదేనని, ఆ పిల్లకు అమ్మను పిలవడమంటే అదేనని వాళ్లకేం తెలుసు? ఆస్గర్‌కు తెలుసు. నవ్వుతున్న జనం మధ్య అతనొక్కడే నవ్వకుండా, మొహం పాలిపోయి నిలబడ్డాడు.

హిమజ జనాన్ని తప్పించుకుంటూ మా దగ్గరికి వచ్చింది. తనూ ముక్కు మూసుకుంది. మొహం పక్కకు తిప్పి ఒకసారి గాలి పీల్చుకుని, పిల్లను ఎత్తుకుంది.